గోడమీది గుమాస్తా

పొద్దున్నే మీ మాస్టారు హాజరుపట్టీ తెరిచి పేర్లు పిలుస్తారు. మీరు "ప్రెజెంట్ సార్" అంటారు. ఆయన ఒక గీత గీస్తారు. అంతటితో సరి. మీరు గంట కొట్టడానికి ముందే వచ్చారా, రెండు నిమిషాలు ఆలస్యంగా పరుగెత్తుకొచ్చారా అన్నది ఆ పట్టీలో ఉండదు. (ఒకరి బదులు మరొకరు పలికే విద్య మీకు తెలియదని నేననుకోను. పాతికేళ్ళకు పైగా పాఠాలు చెబుతున్నవాణ్ణి!)

గంటల లెక్కన కూలి ఇచ్చే చోట మాత్రం ఒక్క గీత చాలదు. పనివాడు ఎన్నింటికి వచ్చాడు, ఎన్నింటికి వెళ్ళాడు అనే రెండు అంకెలూ కావాలి. పెద్ద కార్ఖానాలలో ఈ పనికి ప్రత్యేకంగా గుమాస్తా ఉండేవాడు. పది పన్నెండు మంది పనిచేసే బేకరీలోనో, వడ్రంగి షెడ్డులోనో, అచ్చాఫీసులోనో యజమానే మస్టరు రాసుకునేవాడు. ఇప్పుడు చాలాచోట్ల ఆ పుస్తకం పోయి, గుమ్మం పక్కన గోడకు చిన్న పెట్టె వచ్చింది. దానిమీద వేలు పెడితే "కిచ్" మంటుంది. అంతే, హాజరు పడినట్టే.

నా దగ్గర చదువుకున్న ఒకబ్బాయి మా ఊళ్ళో చిన్న అచ్చాఫీసు నడుపుతున్నాడు. నోటు పుస్తకాలు, బిల్లు పుస్తకాలు, పెళ్ళి పత్రికలు వేస్తారు. పదకొండు మంది పనివాళ్ళు. బడులు తెరిచే ముందు నోటు పుస్తకాల బైండింగుకు ఊపిరాడనంత పని ఉంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే అతను గోడకు ఈ పెట్టె బిగించాడు. మొదటి నెల బట్వాడా నాడు, బైండింగులో పనిచేసే ఒకావిడ డబ్బు రెండుసార్లు లెక్కపెట్టుకుని, "బాబూ, మూడొందల పన్నెండు రూపాయలు తగ్గినై" అంది.

"అది మిషను వేసిన లెక్కమ్మా. నేను రాసింది కాదు. మిషను తప్పెందుకు చెబుతుంది?" అన్నాడు ఇతను.

ఆవిడ ఒప్పుకోలేదు. డబ్బు బల్లమీదే వదిలి వెళ్ళిపోయింది. ఇతను డబ్బు ఎగ్గొట్టే మనిషి కాదు. ఆవిడ అబద్ధమాడే మనిషి కాదని అతనికీ తెలుసు. ఆ సాయంత్రం కాగితాలన్నీ పట్టుకుని మా ఇంటికొచ్చాడు. "మాస్టారూ, మీరు కాస్త చూడండి. మిగతా పదిమందీ మాట్లాడకుండా తీసుకున్నారు. ఈవిడొక్కతే కాదంటోంది. రేపు అందరిముందు ఏం చెప్పాలి?" అన్నాడు.

తప్పు పెట్టెదా, ఆవిడదా? ఇది తేలాలంటే ముందు ఆ పెట్టె లోపల ఏం జరుగుతుందో తెలియాలి. అది మూడు ప్రశ్నలకు జవాబు చెబుతుందని మనం అనుకుంటాం. ఎవరు? ఎప్పుడు? ఎంత? ఈ మూడింటినీ విడివిడిగా చూద్దాం.

తాళంచెవి తిప్పితే టైము

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. ఇంగ్లండులో బట్టల మిల్లులు పుట్టిన కొత్తలో పనివేళలు చెప్పేది మిల్లు గంట. ఆ గంటను నడిపేది యజమాని గడియారం. ఆ గడియారం పొద్దున ముందుకూ సాయంత్రం వెనక్కూ జరిగేదని, చేతిలో గడియారం ఉన్న కూలివాణ్ణి యజమానులు సహించేవారు కాదని ఆనాటి కార్మికులు చెప్పుకున్న మాటలు పుస్తకాలకెక్కాయి. కాలాన్ని కొలిచే సాధనం ఒక్కరి చేతిలోనే ఉంటే వచ్చే చిక్కు ఇది.

1888లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, ఆబర్న్ అనే ఊళ్ళో విల్లర్డ్ బండీ అనే నగల వర్తకుడు ఒక గడియారం తయారుచేశాడు. దీంట్లో ప్రతి పనివాడికీ ఒక తాళంచెవి ఉంటుంది. దానిమీద అతని నంబరు ఉంటుంది. పనికి రాగానే ఆ చెవిని గడియారంలో పెట్టి తిప్పితే, లోపలి కాగితపు పట్టీ మీద ఆ నంబరూ అప్పటి టైమూ అచ్చుపడతాయి. మరుసటి సంవత్సరం బండీ సోదరుడు హార్లో బింగ్‌హామ్టన్ పట్టణంలో ఈ గడియారాలు తయారుచేసే కంపెనీ పెట్టాడు. 1894లో డేనియల్ కూపర్ అనే ఆయన తాళంచెవి బదులు అట్టకార్డు వాడే గడియారం చేశాడు. కార్డును సందులో దూరిస్తే టైము దానిమీదే పడుతుంది. మీ తాతగారు ఏ మిల్లులోనో, రైల్వే వర్క్‌షాపులోనో పనిచేసి ఉంటే "కార్డు పంచింగు" అన్నమాట ఆయన నోట వినే ఉంటారు. కొన్ని గడియారాలలో రెండు రంగుల రిబ్బను ఉండేది. వేళకు వస్తే నల్లగా, ఆలస్యమైతే ఎర్రగా అచ్చుపడేది.

ఇక్కడ ఒక తమాషా సంగతి చెప్పాలి. ఈ గడియారాల కంపెనీలు కలిసి పెద్ద సంస్థగా మారాయి. 1911లో అది మరి రెండు కంపెనీలతో కలిసింది. ఒకటి తూకపు యంత్రాలు చేసేది. రెండోది హెర్మన్ హోలరిత్ స్థాపించినది. 1890 అమెరికా జనాభా లెక్కలను చిల్లుల కార్డులతో తేల్చినవాడు ఈ హోలరితే. అలా ఏర్పడిన కంపెనీ 1924లో పేరు మార్చుకుంది. కొత్త పేరు ఐ.బి.ఎం. కంప్యూటర్లకు జగమంతా పేరుపడ్డ ఆ సంస్థ 1958 దాకా గోడగడియారాల వ్యాపారం కూడా చేసింది!

బండీ గడియారంలో ఒక లోపం ఉంది. మీరు పట్టేసే ఉంటారు. నా తాళంచెవి నా స్నేహితుడు తిప్పినా నా నంబరే అచ్చుపడుతుంది. గడియారం చూసింది చెవిని, మనిషిని కాదు. అట్టకార్డుకూ ఇదే జబ్బు. మన "ప్రెజెంట్ సార్" కథే అన్నమాట.

ఎప్పుడు?

నేటి పెట్టెలో ముళ్ళూ పళ్ళచక్రాలూ లేవు. బియ్యపుగింజంత క్వార్ట్‌జ్ స్ఫటికం ఉంటుంది. కొన్ని స్ఫటికాలను నొక్కితే వాటిలో విద్యుత్తు పుడుతుందని 1880లో పియరీ క్యూరీ, ఆయన అన్న జాక్ క్యూరీ కనుక్కున్నారు. దీనికి విపర్యయం కూడా నిజమే. విద్యుత్తు ఇస్తే స్ఫటికం కదులుతుంది. శ్రుతిదండం ఆకారంలో కోసిన స్ఫటికానికి విద్యుత్తు ఇస్తే అది సెకనుకు సరిగ్గా 32,768 సార్లు కంపిస్తుంది.

ఈ వింత అంకె ఎందుకు? పెన్సిలు తీసుకుని దాన్ని రెండుతో భాగించండి. 16,384 వస్తుంది. మళ్ళీ భాగించండి. 8,192. ఇలా పదిహేనుసార్లు భాగిస్తే మిగిలేది 1. సగం చేయడం ఎలక్ట్రానిక్ వలయాలకు అన్నిటికంటే సులువైన పని. పదిహేను మెట్లు దిగితే సెకనుకు ఒక్క దెబ్బ దొరుకుతుంది. మీ చేతిగడియారంలోనూ ఇదే స్ఫటికం, ఇదే లెక్క.

మరి ఇది తప్పదా? తప్పుతుంది. మామూలు స్ఫటికంలో పదిలక్షలకు 20 వంతుల తేడా ఉండవచ్చు. రోజుకు 86,400 సెకన్లు కదా. గుణిస్తే రోజుకు సుమారు 1.7 సెకన్లు, నెలకు 50 సెకన్ల పైచిలుకు. ఏడాది పాటు ఎవరూ సరిచేయకపోతే పది నిమిషాలు! ఎండ కూడా దీన్ని బాధిస్తుంది. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర చక్కగా నడిచేట్టు కోసిన స్ఫటికం, మన మే నెలలో 45 డిగ్రీల రేకుల షెడ్డులో రోజుకు సెకనుకు పైగా వెనకబడుతుంది. ఎండ తగ్గాక పోగొట్టుకున్న సెకన్లను అదేమీ తిరిగి సంపాదించదు.

కరెంటు పోయినప్పుడు గడియారం ఆగకుండా లోపల బొత్తాం ఆకారపు చిన్న బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే కరెంటు వచ్చాక గడియారం తనకు తోచిన ఏదో పాత తేదీ నుంచి మొదలెడుతుంది. ఇంటర్నెట్ ఉన్న పెట్టెలకు ఈ బాధ తక్కువ. అవి దూరాన ఉన్న ఖచ్చితమైన గడియారాన్ని అడిగి తమను సరిచేసుకుంటాయి. మన దేశానికి అసలు గడియారం న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉంది. అది సీసియం పరమాణువు గడియారం. ఆ పరమాణువుకు సంబంధించిన వికిరణం 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 సార్లు కంపిస్తే ఒక సెకను.

నేను మావాడి పెట్టె గడియారాన్ని ఫోను టైముతో పోల్చి చూశాను. తేడా 9 సెకన్లు. 312 రూపాయలు అక్కడ పోలేదు.

ఎవరు?

ముందొక ప్రయోగం చేయండి. గాజుగ్లాసులో నిండుగా నీళ్ళు పోసి చేత్తో గట్టిగా పట్టుకోండి. పైనుంచి ఏటవాలుగా నీళ్ళలోకి చూడండి. గ్లాసు లోపలి గోడ అద్దంలా వెండిరంగులో మెరుస్తుంది. మీ వేళ్ళు నొక్కుకున్న చోట మాత్రం ఆ మెరుపు తెగిపోయి, వేలిముద్ర గీతలు ఒక్కొక్కటీ స్పష్టంగా కనిపిస్తాయి. గోడమీది పెట్టె చేసేది సరిగ్గా ఇదే!

పదో తరగతి వాళ్ళకు సంపూర్ణాంతర పరావర్తనం గుర్తుండాలి. గాజులోంచి గాలిలోకి పోబోయే కాంతికి సందిగ్ధ కోణం సుమారు 42 డిగ్రీలు. అంతకంటే ఎక్కువ వాలుగా వచ్చిన కాంతి బయటకు పోలేక మొత్తం వెనక్కి మళ్ళుతుంది. పెట్టెలోని గాజు పట్టకంలో కాంతిని 45 డిగ్రీలతో పంపారనుకోండి. గాజు అవతల గాలి ఉంటే అది పూర్తిగా పరావర్తనం చెందుతుంది. గాజు అవతల చెమ్మగల చర్మం తగిలి ఉంటే? నీటి వక్రీభవన గుణకం 1.33, గాజుది 1.5 అనుకుంటే సందిగ్ధ కోణం 62 డిగ్రీలు దాటుతుంది. 45 దానికంటే తక్కువ. కాబట్టి కాంతి బయటపడి చర్మంలోకి పోతుంది, వెనక్కి రాదు.

మీ వేలికొసను ఒక చిన్న పొలం అనుకోండి. అందులో గట్లున్నాయి, వాటి మధ్య కాలవలున్నాయి. వేలు పెడితే గట్లు గాజుకు తగులుతాయి, కాలవలలో గాలి ఉండిపోతుంది. కనుక గట్లు నల్లగా, కాలవలు తెల్లగా బొమ్మ పడుతుంది. ఇంత చక్కని పనికి ఒక పట్టకం, ఒక దీపం, ఒక చిన్న కెమెరా చాలు. (ఫోన్లలో ఎక్కువగా వేరే పద్ధతులు వాడతారు. ఆ సంగతి ఇంకోసారి.)

వేలిముద్రను మనిషికి గుర్తుగా వాడటం మన దేశంలోనే బలపడిందని మీకు తెలుసా? 1858లో బెంగాలులోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి, రోడ్డు కంకర సరఫరాకు రాజ్యధర్ కోనాయ్ అనే గుత్తేదారు చేత ఒప్పందపత్రం మీద అరచేతి ముద్ర వేయించాడు. సంతకం నాది కాదని అతను తర్వాత అనకుండా ఉండాలని! 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం ఏర్పడింది. ముద్రలను వర్గాలుగా విభజించి వెదికే పద్ధతికి "హెన్రీ పద్ధతి" అని అక్కడి పోలీసు అధికారి పేరు వచ్చింది. దానికి గణితం సమకూర్చి పనిచేసినవాళ్ళు ఆయన కింది ఉద్యోగులు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్.

పెట్టె మీ వేలిబొమ్మను మొత్తంగా పోల్చదు. గట్టు ఎక్కడ ఆగిపోయింది, ఎక్కడ రెండుగా చీలింది అని చూసి, ఆ చోట్ల స్థానాలను అంకెలుగా రాసుకుంటుంది. మర్నాడు వేలు పెట్టినప్పుడు కొత్త అంకెలను పాతవాటితో పోల్చి మార్కులు వేస్తుంది. ఒకే వేలైనా రెండుసార్లు ఒక్కలాగే పడదు. కొంచెం పక్కకు జరగవచ్చు, తడిగా ఉండవచ్చు. కనుక నూటికి నూరు మార్కులు ఎప్పుడూ రావు. ఇన్ని మార్కులు వస్తే పాసని తయారుచేసినవాళ్ళు గీత గీస్తారు. ఆ గీత పైకి జరిపితే అసలు మనిషే ఫెయిలవుతాడు. కిందికి జరిపితే వేరేవాడు పాసవుతాడు. రెండు తప్పులనూ ఒకేసారి సున్నా చేసే గీత లేదు. పరీక్షలలోనూ అంతే కదా!

ఇక్కడ మన బైండింగావిడ దగ్గరకు రావాలి. ఇరవయ్యేళ్ళుగా కాగితం మడిచి, గోటితో, వేలికొసతో గీకి, మైదా బంక పూసిన చేతులవి. కాగితం మెత్తనిదే కాని రోజుకు వేలసార్లు రాసుకుంటే ఉప్పుకాగితంలా పనిచేస్తుంది. ఆ వేళ్ళమీద గట్లు అరిగిపోయాయి. సున్నం, సిమెంటు కలిపే మేస్త్రీలకూ, అంట్లు తోమేవాళ్ళకూ, వృద్ధులకూ ఇదే కష్టం. మొదటి వారం ఆవిడ వేలును పెట్టె ఆరేడుసార్లు తిరస్కరించేదట. చీరచెంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టేది. వెనక అందరూ నిలబడి ఉండేవారు. ఒకనాడు తొమ్మిదికి ముందే వచ్చినా 9 గంటల 14 నిమిషాలకు గాని హాజరు పడలేదు. యజమాని కళ్ళారా చూశాడు కాబట్టి ఆ రోజు చేత్తో సరిదిద్దాడు. చూడని రోజైతే? పనిలో అందరికంటే పాతమనిషికి ఆలస్యం గుర్తు పడేది. ఎంత చిత్రమో చూడండి, పని ఎక్కువ చేసిన చేతినే యంత్రం గుర్తుపట్టలేకపోయింది.

దీనికి విరుగుడు ఉంది. ఆవిడకు ఒక కార్డు ఇచ్చారు. పెట్టె దగ్గర ఊపితే చాలు, తగలనక్కరలేదు. దాంట్లో బ్యాటరీ లేదు. మరి శక్తి ఎక్కడిది? ఫారడే 1831లో చూపిన విద్యుదయస్కాంత ప్రేరణే. పెట్టెలో ఒక తీగచుట్ట ఉంటుంది. అందులో సెకనుకు 1,25,000 సార్లు అటూఇటూ ఊగే విద్యుత్తు ప్రవహిస్తుంది. మారే అయస్కాంత క్షేత్రం కార్డులోని తీగచుట్టను తాకగానే అందులో కాస్తంత విద్యుత్తు పుడుతుంది. అది చాలు, కార్డులోని చిప్ మేలుకొని తన నంబరు చెప్పి మళ్ళీ నిద్రపోతుంది. అంటే పెట్టే కార్డుకు అన్నంపెట్టి మాట్లాడిస్తుందన్నమాట.

అయితే కార్డుతో బండీ తాళంచెవి జబ్బు తిరిగొచ్చింది. ఎవరి కార్డునైనా ఎవరైనా ఊపవచ్చు. వేలికి వేరే జబ్బు ఉంది. తాళంచెవి పోతే కొత్తది చేయించుకుంటాం. వేలిముద్ర అంకెలు దొంగ చేతిలో పడితే కొత్త వేలు చేయించుకోలేం. నన్నడిగితే చిన్న దుకాణానికి కార్డే మేలు. పదకొండు మంది ఉన్నచోట ఎవరు వచ్చారో యజమాని కంటికి కనిపించదా?

ఎంత?

ఇప్పటిదాకా పెట్టె చేసినదంతా ఇది: ఒక నంబరు, ఒక టైము, ఒక వరుసలో రాయడం. "7 నంబరు, 8:58." "7 నంబరు, 18:01." దీనికి మించి దానికేమీ తెలియదు. 8:58 రాకడనీ 18:01 పోకడనీ కూడా చాలా పెట్టెలు వరుసను బట్టి ఊహించుకుంటాయి. మొదటిది రాక, రెండోది పోక, మూడోది రాక. మధ్యాహ్నం టీకి వెళ్ళి ఒకసారి వేలు పెట్టడం మరిచిపోతే ఆ రోజంతా తల్లకిందులే! రాత్రిపని మరో చిక్కు. 22 గంటలకు వచ్చి తెల్లవారి 6 గంటలకు వెళ్ళినవాడి పని 6 − 22, అంటే మైనస్ 16 గంటలా? అర్ధరాత్రి దాటితే 24 కలపాలని ఎవరో దానికి చెప్పి ఉంచాలి. కలిపితే 8 గంటలు.

వేళకు అటూఇటూ ఉన్న నిమిషాలను ఏం చేయాలన్నదీ మనుషులు పెట్టే నియమమే. అమెరికాలో పావుగంటకు సవరించడం ఒక వాడుక. 7 నిమిషాలు దాకా వదిలేస్తారు, 8 నిమిషాలైతే 15గా లెక్కిస్తారు. అక్కడి నిబంధనలు దీన్ని ఒప్పుకుంటాయి గాని ఒక షరతుంది. కాలక్రమంలో లాభనష్టాలు సరిపోవాలి, పనివాడికి ఎప్పుడూ నష్టమే రాకూడదు. వచ్చేటప్పుడు ముందుకు, పోయేటప్పుడు వెనక్కి సవరిస్తే అది పాతకాలపు మిల్లు గడియారమే కదా!

మావాడు పెట్టుకున్న నియమం మంచిదే. పది నిమిషాల లోపు తేడా ఉంటే వేళకు వచ్చినట్టే. పనివేళలు 9 నుంచి సాయంత్రం 6 దాకా, మధ్యలో భోజనానికి అరగంట. అంటే రోజుకు 8 గంటల 30 నిమిషాలు. ఆవిడ కూలి గంటకు 60 రూపాయలు. ఆ నెల పనిదినాలు 26, ఒక్కటీ మానలేదు.

అతను తెచ్చిన కాగితంలో ఆవిడ పేరు ఎదురుగా రోజూ "8.30" అని ఉంది. కింద మొత్తం 215.80. దాన్ని 60తో గుణిస్తే 12,948 రూపాయలు. గుణకారం సరిగ్గానే ఉంది. నేను రెండుసార్లు చేశాను.

మీకు కనిపించిందా? కనిపించకపోతే కాగితం పక్కనపెట్టి ఒక్క నిమిషం ఆలోచించి, తర్వాత చదవండి.

గంటకు 60 నిమిషాలు, 100 కాదు. 30 నిమిషాలంటే అరగంట, అంటే 0.5. కనుక 8 గంటల 30 నిమిషాలను దశాంశంలో 8.5 అని రాయాలి. పెట్టె తన చిట్టాలో 8:30 అనే రాసింది. దాన్ని పట్టికలోకి ఎక్కించినప్పుడు మధ్యనున్న రెండు చుక్కలు ఒక చుక్కయ్యాయి. ఎనిమిదిన్నర గంటలు ఎనిమిదీ పదింట మూడు వంతులయ్యాయి. రోజుకు 0.2 గంట, అంటే 12 నిమిషాలు మాయం. 26 రోజులకు 312 నిమిషాలు. గంటకు 60 రూపాయలంటే నిమిషానికి ఒక రూపాయి. 312 రూపాయలు!

దీంట్లో నాకు నిద్రపట్టనివ్వని సంగతి మరొకటి ఉంది. మీరు వేరే అంకెలు వేసి చూడండి. 8 గంటల 45 నిమిషాలు 8.75 కావాలి, 8.45 అవుతుంది. 18 నిమిషాలు పోయాయి. 8 గంటల 10 నిమిషాలు 8.17 కావాలి, 8.10 అవుతుంది. 4 నిమిషాలు పోయాయి. ఏ నిమిషాలను తీసుకున్నా, 100తో భాగిస్తే వచ్చేది 60తో భాగిస్తే వచ్చేదానికంటే చిన్నదే. కనుక ఈ తప్పు ఒక్కసారైనా పనివాడి వైపు మొగ్గదు. గంటల పైనున్న నిమిషాలలో నూటికి 40 వంతులు ప్రతిసారీ తినేస్తుంది. అటూఇటూ ఊగే తప్పయితే ఏదో ఒకనాడు ఎవరికో ఎక్కువ డబ్బు ముట్టి యజమాని కంటపడేది. ఇది అలా పడదు. జేబులో డబ్బు మిగిలినప్పుడు లెక్క మళ్ళీ చూసుకునేవాళ్ళెందరు?

ఓవర్‌టైముకు ఇది రెట్టింపు దెబ్బ. నిర్ణీత గంటలు దాటిన పనికి రెట్టింపు రేటు ఇవ్వాలని మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. తర్వాత దాని స్థానంలో వచ్చిన చట్టంలోనూ ఆ నియమం నిలిచింది. మాయమైన ఒక్కో నిమిషానికీ అక్కడ ఇద్దరు నిమిషాల కూలి పోయినట్టు!

మర్నాడు నేనూ అతనితో కలిసి అచ్చాఫీసుకు వెళ్ళాను. ఆవిడ బల్ల దగ్గర కాగితాలు మడుస్తోంది. "అమ్మా, మూడొందల పన్నెండని అంత ఖచ్చితంగా ఎలా చెప్పావు?" అని అడిగాను.

"ఏముందండీ మాస్టారూ, నిమిషానికి రూపాయి. రోజుకు ఐదొందల పది నిమిషాలు. క్యాలెండరులో గీతలు పెట్టుకున్నా, ఇరవయ్యారు. మా అమ్మాయి గుణించి చెప్పింది, పదమూడువేల రెండొందల అరవై అని" అంది.

చూశారా! ఆవిడ లెక్కలో దశాంశమే లేదు. గంటలను ముందే నిమిషాలుగా మార్చుకుంది. ఇక తప్పడానికి చోటెక్కడ?

మావాడు మాట్లాడకుండా అందరి కాగితాలూ తీశాడు. 8 గంటల లెక్కన పనిచేసే ఇద్దరికి తప్ప మిగతా తొమ్మిదిమందికీ తగ్గింది. ఆ రోజే అందరికీ పూర్తిగా ఇచ్చేశాడు. పట్టికను నిమిషాలలోకి మార్పించాడు. ఇప్పుడు ప్రతి శనివారం ఎవరి వరుసలు వాళ్ళకు చిన్న చీటీగా అచ్చువేసి ఇస్తున్నాడు. అచ్చాఫీసు కదా, కాగితానికేం కొదవ! ఆవిడ చీటీ తీసుకుని గోడ క్యాలెండరు దగ్గరకు పోయి, తన గీతలతో సరిచూసుకుని, అప్పుడు గాని మడిచి చెంగున ముడివేసుకోదు.

ఇక మీకో లెక్క. రాత్రి కాపలా మనిషి ఒకాయన 22:00కు వచ్చి మర్నాడు 6:45కు వెళ్ళాడు. మధ్యలో అరగంట విరామానికి కూలి లేదు. గంటకు 64 రూపాయలు. అతనికి రావలసిందెంత? పై తప్పు జరిగితే ముట్టేదెంత? ముందు నిమిషాలలో చేయండి, తర్వాత దశాంశాలలో చేసి రెండూ సరిపోయాయేమో చూడండి.